గట్టు మీద కుర్చీలు

జూలై 14

మా గట్టు మీద కుర్చీలు వేశారు. వేయించినవాడు రైంట్ డోర్న్‌బోస్. ఓస్టర్‌జైల్ ఫుట్‌బాల్ క్లబ్బుకి అధ్యక్షుడు, ఊరికి పళ్ళ డాక్టరు, జనానికి ద్రోహి. మొదటి పదవి సభ్యులిచ్చారు, రెండోది చదువిచ్చింది, మూడోది ఈ సాయంత్రం నేనిచ్చాను.

ఉత్తరం గోలు వెనకున్న గట్టు అది. చక్కెర ఫ్యాక్టరీలో చక్కెర తీసే తెల్లదుంపలు కడిగేవాళ్ళు పని దిగి, బూట్ల బురదతోనే వచ్చి నిలబడ్డ చోటు. అందుకే దాన్ని బురద గట్టు అంటారు, మా జట్టుని ఊరూరా దుంపలు అంటారు. అక్కడ ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు. ఇప్పుడు వరసలు వరసలుగా గోధుమరంగు ప్లాస్టిక్ కుర్చీలు, బోల్టులు బిగించి.

కారణం ఏమిటంటే మేం గెలిచాం. మే నెలలో పొరపాటున గెలిచి, క్లబ్బు పుట్టాక మొదటిసారి యూరప్ పోటీకి వెళ్తున్నాం. యూరప్ మ్యాచ్ ఆడే మైదానంలో నిలబడే చోటు ఉండకూడదట. డోర్న్‌బోస్‌ని నడిరోడ్డు మీద నిలదీశాను.

"యూరప్ ఉన్నన్నాళ్ళేనమ్మా ఫెన్నా. ఆ తర్వాత పీకేస్తాం" అన్నాడు.

"మీరు పీకేటప్పుడు నొప్పుండదని కూడా అంటారు కదా డాక్టరు గారూ" అన్నాను.

నవ్వాడు. పాలకులు ఇలాగే నవ్వుతారని చదివాను.

సాయంత్రం లుప్పో తాతని గట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. తాత అంటే అమ్మ వాళ్ళ నాన్న. ఇరవయ్యో ఏట నుంచి గట్టు మధ్యలో, ఇనుప కమ్మీకి ఆనుకుని నిలబడ్డ మనిషి. కుర్చీలు చూశాడు. ఒక కుర్చీ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు.

"గట్టిగానే ఉందే" అన్నాడు.

ఆ గొంతులో ఉన్న బాధ ఊళ్ళో ఇంకెవరికీ వినపడదు.

జూలై 16

తాత షెడ్డులో ఒక పెట్టె ఉంది. తాత అన్నగారు వదిలిపోయిన కరపత్రాలు, అట్ట ఫ్యాక్టరీ సమ్మె నాటివి. పదిహేనో ఏట నుంచి అవే నా బడి. 'యజమాని' అన్నచోట డోర్న్‌బోస్ అనీ, 'రొట్టె' అన్నచోట గట్టు అనీ పెట్టుకుంటే ఒక్క అక్షరం కూడా పాతబడలేదు.

నా మొదటి కరపత్రం పూర్తయింది. "కూర్చున్న జనం ఓడిన జనం. కుర్చీ అనేది వెన్నెముక మీద జరిగిన కుట్ర. లుప్పో తాత అరవై ఏళ్ళుగా నిలబడ్డాడు. ఇంకో అరవై ఏళ్ళు నిలబడతాడు."

తాతకి చదివి వినిపించాను.

"ఇంకో అరవయ్యా?" అన్నాడు.

"సంకేతంగా తాతా."

"మోకాలికి సంకేతాలు తెలీవే పిల్లా."

గొప్పవాళ్ళకి వినయం ఎక్కువ.

యుర్రి అచ్చు వేయించుకొచ్చాడు. వాడు సైకిళ్ళ షాపులో పని చేస్తాడు, గట్టు మీద డప్పు కొడతాడు, ప్రస్తుతానికి ఉద్యమంలో నా తర్వాత రెండో సభ్యుడూ చివరి సభ్యుడూ. పడవలొస్తే పైకి లేచే ఎత్తుడు వంతెన మీద నిలబడి పంచుదామని కట్ట విప్పాం. గాలి మొత్తం కట్టని ఒక్కసారే పంచేసింది. కాలవలో బాతులన్నీ చైతన్యవంతమయ్యాయి.

జూలై 24

ఐస్‌లాండ్ జట్టుతో మ్యాచ్. మా ఊళ్ళో మొదటి యూరప్ రాత్రి. గెలిచాం, రెండు సున్నా. అది అప్రధానం.

ప్రధానమైనది ఇది. కరపత్రం బాతులకే అందినా గట్టు మొత్తం నిలబడే ఉంది. ప్రతివాడూ తన కుర్చీ ముందు నిలబడ్డాడు. టికెట్లు చూసేవాడు వచ్చి "కూర్చోండయ్యా, రూలు" అన్నాడు. "నువ్వు కూర్చో ముందు" అన్నారు వెనకనుంచి. వాడికి కుర్చీ లేదు. కళ్ళు చెమర్చాయి నాకు. జనం అంటే ఇదీ అనుకున్నాను.

తాత కూర్చున్నాడు.

మొదటి నిమిషంలోనే కూర్చున్నాడు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. శత్రువు ఆయుధాన్ని చేత్తో పట్టుకుని చూడనిదే దానితో పోరాడలేం. తాత దాన్ని తొంభై నిమిషాలూ పరీక్షించాడు. విరామంలో కూడా లేవలేదు, గుడ్డు బోండా నాచేతే తెప్పించుకున్నాడు. మా ముందువరస ఆటగాడు టీమెన్ రెండో గోలు తలతో కొట్టినప్పుడు గట్టంతా ఎగిరింది, తాత ఒక్కడే కదల్లేదు.

"ఎలా ఉంది తాతా?" అన్నాను, కుర్చీ గురించే.

"ఇంతకన్నా అధ్వానంగా ఉండచ్చు" అన్నాడు.

మా ప్రాంతంలో పెళ్ళికూతుర్ని చూసినా ఇదే అంటారు. ఇంతకు మించిన పొగడ్త మా దగ్గర లేదు. అందుకే ఆయన గోలు గురించి అన్నాడని రాసుకుంటున్నాను.

జూలై 31

ఐస్‌లాండ్‌లో రెండో మ్యాచ్ సున్నా సున్నా. ముందుకెళ్ళాం. అంటే కుర్చీలు ఇంకా ఉంటాయి. ఆనందించాలో ఏడవాలో తెలియక అమ్మ చిప్స్ దుకాణంలో రెండూ చేశాను. అమ్మ ఉల్లిపాయలనుకుంది.

ఆగస్టు 5

పన్ను నొప్పి. ఊళ్ళో పళ్ళ డాక్టరు ఒక్కడే.

నేను నిలబడే చూపించుకుంటానన్నాను. డోర్న్‌బోస్ ఒక పెడలు తొక్కాడు, కుర్చీ నా వెనకనుంచి లేచి నన్ను కూర్చోబెట్టింది, ఆ తర్వాత పడుకోబెట్టింది. నోట్లో రెండు వేళ్ళు, ఒక అద్దం, నీళ్ళు పీల్చే గొట్టం పెట్టాడు. పెట్టాక చర్చ మొదలుపెట్టాడు.

"కుర్చీలు మంచివే అంటున్నారమ్మా అందరూ. నీకేమనిపిస్తుంది?"

"ఆఁ."

"వానొస్తే తడవకుండా పైకప్పు కూడా వేద్దామంటున్నారు."

"ఆ ఆ ఆఁ."

"నాకు తెలుసు నువ్వు తెలివైన పిల్లవని. మనిద్దరం ఒక్కమాట మీద ఉన్నామని బోర్డుకి చెప్తాను."

చరిత్రలో ఏ నాయకురాలి నోరైనా ఇంత అక్షరాలా మూయించి ఉంటారా? మూయించడం కూడా కాదు, తెరిపించి మరీ.

పన్ను నొప్పి తగ్గింది. అది వేరే విషయం.

ఆగస్టు 7

పోర్చుగల్ జట్టు వచ్చింది. ఉద్యమం బహిష్కరణకి పిలుపునిచ్చింది. నేను టికెట్ కొని లోపలికి వెళ్ళి, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఒక్క క్షణం కూడా చూడలేదు.

మొదటి గోలు మా ఎడమ బ్యాకు కాలు జారడం వల్ల. రెండోది కార్నర్ నుంచి, వాళ్ళ పొడుగాటి వాడు, ఎనిమిదో నంబరు, తల వంచి కొట్టాడు, మా గోలీ చేతివేళ్ళకి తగిలింది కూడా. మూడోది ఆఫ్‌సైడ్. గజం పైగా ఆఫ్‌సైడ్, ఎవరైనా చెప్తారు. టీమెన్ కొట్టింది స్తంభానికి తగిలి బయటికి పోయింది.

నేను చూడలేదు.

ఆగస్టు 14

పోర్చుగల్లో రెండో మ్యాచ్, వాళ్ళు నాలుగు, మేం సున్నా. మొత్తం ఏడు సున్నా. యూరప్ యాత్ర ముగిసింది. తాత టీవీ కట్టేసి, "ఇంతకన్నా అధ్వానంగా ఉండచ్చు" అన్నాడు. ఇది పొగడ్తో లెక్కో నాకు తెలియలేదు.

మంచి వార్త ఏమిటంటే, ఇక కుర్చీలు పీకేస్తారు.

ఆగస్టు 23

పీకలేదు.

ఆగస్టు 30

పీకలేదు. ఓడిపోయాం. కుర్చీ ముందు నిలబడి ఎగిరితే పిక్కలకి తగులుతుంది. గట్టు మీద అందరికీ ఒకే ఎత్తులో నల్లటి కమిలిన మచ్చలు. ఇది మా పార్టీ గుర్తు.

సెప్టెంబర్ 13

డోర్న్‌బోస్ సమాధానం: బోల్టులు విప్పితే సిమెంటు పాడవుతుంది, అందువల్ల దీని మీద మాట్లాడుకోవాలి.

మాట్లాడుకోవాలి. ఈ దేశంలో సముద్రానికి కట్టలు కట్టి వెనక్కి పంపింది కూడా మాట్లాడుకునే.

సెప్టెంబర్ 27

ఓడిపోయాం.

అక్టోబర్ 11

సభ్యుల సమావేశం, క్లబ్బు క్యాంటీన్లో. అజెండాలో ఒకటే అంశం: మే నెలలో తుది నిర్ణయం జరిగేదాకా కుర్చీలు ఉంచాలా?

నేను మాట్లాడాను. బాగా మాట్లాడాను. "ఈ గట్టు నిలబడి ఉన్నంతకాలం..." అని మొదలుపెట్టి వెన్నెముక దాకా వచ్చాను. అప్పటిదాకా కాళ్ళు చూసుకుంటున్న వాళ్ళు తలలెత్తారు. ఫ్యాక్టరీ వాళ్ళు ఇద్దరు బల్ల మీద చరిచారు కూడా. గది మా వైపు తిరుగుతోందని ఒంటికి తెలిసిపోయింది.

మా క్లబ్బులో ఓటంటే చేతులెత్తడం కాదు. బోర్డు మాటకి ఒప్పుకున్నవాళ్ళు కూర్చునే ఉంటారు, కాదనేవాళ్ళు లేచి నిలబడతారు. వ్యవస్థాపకులు పెట్టిన పద్ధతి. ఇంత అందమైన పద్ధతి ప్రపంచంలో లేదు.

"ఓటుకి ముందు కాఫీ తాగుదాం" అన్నాడు డోర్న్‌బోస్.

కాఫీ వచ్చింది. నిండా, పొగలు కక్కుతూ. ఒక్కొక్కరికి ఒక బిస్కెట్టు, ఆ వెంటనే డబ్బా మూత. ఓటు కోసం బల్లలు గోడకి చేర్చేశారు కాబట్టి కప్పులూ సాసర్లూ అందరికీ ఒళ్ళోనే.

"కాదనేవాళ్ళు లేవండి" అన్నాడు.

ఎవరూ లేవలేదు. ఇందాక బల్ల చరిచినవాళ్ళు కూడా సాసరు పట్టుకుని బిగుసుకుపోయారు. పిరికివాళ్ళు. నేను లేచాను. నా కాఫీ యుర్రి ఒళ్ళో పడింది. యుర్రి లేచాడు.

"వ్యతిరేకం ఇద్దరు" అని రాసుకున్నారు.

ఇంటికొస్తూ వాణ్ణి కౌగలించుకున్నాను. "నువ్వొక్కడివే నిజమైన కామ్రేడ్‌వి" అన్నాను.

"నేను లేచింది సిద్ధాంతం వల్ల కాదే, వేడి వల్ల" అన్నాడు.

"తేడా ఏముందిరా?"

"తొడల్ని అడుగు, చెప్తాయి."

అక్టోబర్ 14

డోర్న్‌బోస్ ఫోన్. నా ప్రసంగం ఆయనకి చాలా నచ్చిందట. 'కుర్చీల వినియోగ కార్యాచరణ బృందం'లో సభ్యురాలిగా వేశారట. తిరస్కరించబోయాను. అప్పుడు తాత అన్నయ్య కరపత్రం గుర్తొచ్చింది: "కోట లోపలికి వెళ్ళినవాడే తలుపు తీస్తాడు."

వెళ్తున్నాను.

నవంబర్ 8

బృందం నాలుగోసారి కలిసింది. మొత్తం నాలుగు బిస్కెట్లు. కుర్చీలకి కొత్త రంగు వేస్తే ఏది వేయాలన్నది చర్చ. ఒకడు బూడిదరంగన్నాడు. బూడిదరంగు. ఈ క్లబ్బు రంగేమిటి, దీని మట్టి ఏ రంగు, దుంప కోస్తే లోపల ఏ రంగు అని ఎత్తుకున్నాను. గోధుమా తెలుపూ చారలుగా రావాలని, లేకపోతే రాజీనామా చేస్తానని బల్ల గుద్దాను. ఒప్పుకున్నారు.

ఘన విజయం.

నవంబర్ 9

యుర్రి: "ఆ కుర్చీలు పీకడానికి కదే నువ్వెళ్ళింది?"

వాడికి వ్యూహం అర్థం కాదు.

నవంబర్ 10

నాకూ ఇప్పుడు కొంచెం అర్థం కావడం లేదు. రాజీనామా చేశాను.

డిసెంబర్ 14

లీగ్‌లో అట్టడుగున ఉన్నాం. జూలైలో యూరప్, డిసెంబర్లో పాతాళం. గురువారం యూరప్ ఆడి ఆదివారం లీగ్ ఆడటం వల్ల అలసిపోయారని పేపర్లో రాశారు. ఆగస్టు మధ్య నుంచి గురువారాలు ఖాళీగానే ఉన్నాయి కదా.

అసలు కారణం గట్టు. పిక్కలు కమిలి ఒక్కొక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు. గట్టు నిలబడకపోతే జట్టు నిలబడదు. ఇది విజ్ఞానశాస్త్రం.

జనవరి 14

దేశం కప్పులో నిన్నటిదాకా బతికున్నాం. ఈ రోజు ప్రత్యర్థి ఒక చేపల ఊరి అమెచ్యూర్ జట్టు. వాళ్ళ గోలీ పొద్దున చేపలమ్మి, వాసనతోనే వచ్చాడు. అలాంటి వాళ్ళతో మేం ఓడిపోయాం, ఒకటి రెండు. టీమెన్ పెనాల్టీ కొడితే బంతి పార్కింగులో ఒక వ్యాను కింద దొరికింది. అది ఆ గోలీ చేపల వ్యానే. వాడే వెళ్ళి తీసుకొచ్చి ఇచ్చాడు, జాలిగా.

మంచు పడుతోంది. చిక్కటి బఠాణీ సూపులో చెంచా నిలబడుతుంది కానీ మా వెనకవరస నిలబడదు.

రెండో సగంలో తాత కనబడలేదు. గట్టంతా వెతికాను. కుర్చీల మీద మంచు పేరుకుపోయింది, ఎవరూ లేరు. ఎనభై దగ్గరపడ్డ మనిషి. చివరికి ప్రథమ చికిత్స గదిలో దొరికాడు. స్ట్రెచర్ అంచున, కాళ్ళు చాపుకుని, హీటరు పక్కన కూర్చుని నర్సులతో కబుర్లు చెప్తున్నాడు. చేతిలో సూపు గిన్నె.

"ఏమైంది తాతా?"

"ఏం కాలేదు. ఊరికే."

"మీ తాతగారు ప్రతి మ్యాచ్‌కీ వస్తారు" అంది నర్సు. "ఆయన కోసమే హీటరు ముందుగా పెడతాం."

అంటే ప్రథమ చికిత్స విభాగాన్ని తాత ఒంటరిగా, నాకు కూడా చెప్పకుండా, మన వైపు తిప్పుకుంటున్నాడు. రహస్య కార్యకర్త అంటే ఆయనే.

ఫిబ్రవరి 21

గెలిచాం. ఎలా గెలిచామో ఎవరికీ తెలియదు. వాళ్ళ డిఫెండర్ వాళ్ళ గోల్లోనే కొట్టాడు. అతన్ని సభ్యుడిగా చేర్చుకోవాలని తీర్మానించాం.

మార్చి 29

నోటీసు వచ్చింది. మే 17 ఆదివారం, ఆఖరి మ్యాచ్ రోజు పొద్దున పదకొండింటికి వార్షిక సమావేశం. అంశం: గట్టు మీద కుర్చీలు శాశ్వతంగా ఉంచుట. రంగు: గోధుమ తెలుపు చారలు, కుమారి ఫెన్నా సూచన మేరకు.

నా పేరు పెట్టారు. ద్రోహపత్రం మీద నా పేరు.

ఆ ఓటు ఓడిపోతే గట్టు ఇక లేదు. అరవై ఏళ్ళు తాత ఆనుకున్న కమ్మీ ఉండదు. నా పిల్లలు గోలు పడితే కూర్చుని చప్పట్లు కొడతారు, కచేరీలో లాగా. అది జరగనివ్వను.

ఏప్రిల్ 10

ఆక్రమణ. ఇదొక్కటే మార్గం. 18వ తేదీ శనివారం మ్యాచ్ లేదు. పొద్దున్నే గట్టు ఎక్కి, నిలబడి, దిగకుండా ఉండాలి. సమస్య జనం. గట్టు మీద కేకలేసేవాళ్ళు ఆక్రమణ అంటే "చూద్దాంలే" అంటున్నారు.

అమ్మ: "ఆ రోజు ఎక్కడికీ కుదరదే. తాతకి ఎనభై. ఇంటి నిండా జనం వస్తారు."

ఇంటి నిండా జనం. కలం కింద పెట్టి ఆలోచించాను. ఈ ఊళ్ళో విప్లవానికి రానివాడుంటాడు, పుట్టినరోజుకి రానివాడుండడు. రాకపోతే వచ్చినవాళ్ళు వాణ్ణి గురించే మాట్లాడుకుంటారు.

పుట్టినరోజు గట్టు మీద చేస్తాం.

ఏప్రిల్ 18

ఇది రాయాలి. రాయకపోతే నిద్ర పట్టదు. రాసినా పట్టదు.

పదింటికి గట్టు ఎక్కాం. యుర్రి డప్పు, నేను జెండా, అమ్మ కేకులు. పదిన్నరకి ఊరు రావడం మొదలైంది. మొత్తం ఊరు. చక్కెర ఫ్యాక్టరీ పాతవాళ్ళు, అల్లిక సంఘం, చర్చి వాళ్ళు, చర్చికి వెళ్ళనివాళ్ళు, ప్రథమ చికిత్స నర్సులు. ఇదే ఆ రోజు అనుకున్నాను, కరపత్రాల్లో ఎప్పుడూ ఆఖరి పేరాలో వచ్చే ఆ రోజు.

తర్వాత వాళ్ళు కూర్చున్నారు.

"కూర్చోకండి" అని అరిచాను. "ఇది ఆక్రమణ."

"పుట్టినరోజున నిలబడి కేకు తింటారుటే, మనమేమైనా గుర్రాలమా?" అంది అల్లిక సంఘం పెద్దావిడ. కుర్చీ మీద గుడ్డ పరుచుకుని సర్దుక్కూర్చుంది.

మా దగ్గర పుట్టినరోజంటే గుండ్రంగా కూర్చోవాలి కదా. బోల్టులు వేసిన కుర్చీలు గుండ్రంగా తిరగవు. అందుకని పై వరస వాళ్ళు కింది వరస వైపు, కింది వరస వాళ్ళు మెడలు వెనక్కి తిప్పుకుని, ఎలాగో ఒక గుండ్రం చేశారు. మా పద్ధతి ప్రకారం ఇంటిల్లిపాదికీ అభినందనలు మొదలయ్యాయి. తాతకి చెప్పారు, తాతకి ఎనభై వచ్చినందుకు అమ్మకి చెప్పారు, నాకు చెప్పారు, నా స్నేహితుడైనందుకు యుర్రికి చెప్పారు. ఎవరో ఫిర్యాదు చేస్తే పోలీసాయన వచ్చాడు. నేను గుండె ఎదురొడ్డి నిలబడ్డాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపి, "మీ తాతగారికి ఎనభై వచ్చాయటగా, అభినందనలమ్మా" అని కేకు ముక్క తీసుకుని మూడో వరసలో కూర్చున్నాడు.

డోర్న్‌బోస్ కూడా వచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు, పుట్టినరోజు. గోధుమ తెలుపు చారల దిండు ఒకటి, రిబ్బను కట్టి, తాత చేతికిచ్చాడు. తాత దాన్ని కుర్చీ మీద వేసుకుని, మెల్లిగా ఒరిగి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకేం కావాలి తాతా ఈ రోజు నీకు?" అన్నాడు డోర్న్‌బోస్.

"ఏమీ వద్దు. ఇదే. ఇలాగే కూర్చుని ఒక గోలు చూడాలని ఎన్నాళ్ళ నుంచో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మోకాలు పట్టేసిన దగ్గర్నుంచీ. చాలా ఏళ్ళయింది."

అందరూ నా వైపు చూశారు. అందరి కప్పులూ ఒళ్ళో ఉన్నాయి, ఎవరి కప్పూ కదల్లేదు. యుర్రి నేల చూపులు చూశాడు. వాడికి తెలుసు. నర్సులకి తెలుసు. బహుశా బాతులకి కూడా తెలుసు.

నేను గట్టు దిగి, కంచె దాటి, మైదానం మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. ఒక్కదాన్నే. చాలాసేపు నిలబడ్డాను. నన్నెవరూ చూడలేదు. రెండో కేకు కోస్తున్నారు.

ఏప్రిల్ 20

పేపర్లో ఫోటో. ఊరంతా గట్టు మీద కూర్చుని నవ్వుతోంది. కింద: 'కొత్త కుర్చీలకు ఓస్టర్‌జైల్ ప్రజల ఘన స్వాగతం'.

ఏప్రిల్ 21

తాతతో మాట్లాడను.

ఏప్రిల్ 22

మాట్లాడలేదు. ఉప్పు అందించమంటే అందించాను. అది మాట్లాడటం కాదు.

ఏప్రిల్ 25

దుకాణంలో తాత బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. స్టూలు మీద కూర్చుని. ఆయన అక్కడ ఎప్పుడూ కూర్చునే తీస్తాడు. ఆ సంగతి ఈ రోజే చూశాను.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వడగలేదు."

"అడక్కపోతే చెప్పకూడదా?"

"అడక్కుండా మోకాళ్ళ గురించి చెప్పేవాళ్ళు దక్షిణం వాళ్ళే. మనం కాదు." ఒక దుంప బకెట్లో వేశాడు. "అయినా నువ్వు నా పేరుమీద అంత పెద్ద కరపత్రం వేశావు. బాగుంది అది. మా అన్నయ్య కన్నా బాగా రాశావు. నేను మధ్యలో కాళ్ళ నొప్పులంటే ఏం బాగుంటుంది?"

"అయితే కుర్చీలకే ఓటేస్తావన్నమాట."

"ఎవడన్నాడు?"

"నువ్వే అన్నావు, ఊరందరి ముందు."

"కూర్చోవాలన్నాను. అందర్నీ కూర్చోమన్నానా?" కత్తి పక్కన పెట్టాడు. "ఆ రోజు దిండు మీద కూర్చున్నాను చూడు, ముందు హాయిగా ఉంది. తర్వాత గాలి మొదలైంది. సముద్రం మీదనుంచి నేరుగా వీపులోకి. అరవై ఏళ్ళలో గట్టు మీద నాకెప్పుడూ చలెయ్యలేదే. ఎందుకంటావు?"

తెలియదన్నాను. ఆ మాట నేను అరుదుగా అంటాను.

"చుట్టూ జనం నిలబడేవాళ్ళు. ముందు ఒక గోడ, వెనకొక గోడ. ఒకడి దగ్గర ఉల్లిపాయ వాసన, ఒకడి దగ్గర గుర్రం వాసన, కానీ వెచ్చగా ఉండేది. అందరూ కూర్చుంటే గాలికి అడ్డెవరే? చేపలవాడితో ఓడిపోయిన రోజు నేను ఆ హీటరు దగ్గరికి ఎందుకు పోయాననుకున్నావు?"

"నర్సుల్ని మన వైపు తిప్పడానికి" అన్నాను. చాలా మెల్లిగా అన్నాను.

తాత దగ్గేదాకా నవ్వాడు.

"మరి నీకేం కావాలి తాతా?"

జూలై నుంచి నేను ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇదేనట. అబద్ధం. గుడ్డు బోండా కావాలా అని చాలాసార్లు అడిగాను.

"నాకొక కుర్చీ. నాలాంటి వాళ్ళకి ఇంకో నాలుగు. మధ్యలో, కమ్మీ పక్కన. చుట్టూ మీరు నిలబడాలి. గోలు పడేటప్పుడు పక్కకి జరగాలి. అంతే."

ఇంత చిన్న డిమాండు ఏ కరపత్రంలోనూ చదవలేదు.

మే 3

ఓడిపోయాం. ఆఖరి మ్యాచ్ గెలిస్తేనే ఈ లీగ్‌లో ఉంటాం. టీమెన్ దుకాణానికొచ్చి అమ్మ దగ్గర చిప్స్ తిని, "నాకు గట్టు వైపు చూస్తే భయమేస్తోంది, అందరూ ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటారు" అన్నాడు. నేను ముందే చెప్పాను. విజ్ఞానశాస్త్రం.

మే 9

మా సవరణ ప్రతిపాదన డోర్న్‌బోస్‌కి ఇచ్చాను: కుర్చీలన్నీ తీసేయాలి, గట్టు మధ్యలో ఒక్క వరస తప్ప. చదివి, "మంచిదేనమ్మా, ఓటుకి పెడదాం. బోర్డు మాత్రం తన మాట మీదే ఉంటుంది. కాదనేవాళ్ళు లేస్తారు" అన్నాడు. తర్వాత సెక్రటరీ వైపు తిరిగి, "ఆ రోజు కాఫీ పెద్ద ఫ్లాస్కులు తెప్పించు" అన్నాడు.

పెద్ద ఫ్లాస్కులు.

మెట్లు దిగుతుంటే అక్టోబరు గుర్తొచ్చింది. నిండు కప్పులు, ఒళ్ళో సాసర్లు, బిగుసుకుపోయిన ముఖాలు. యుర్రి తొడలు. పిరికివాళ్ళు కాదు వాళ్ళు. ఈ ఊళ్ళో ఎవరూ కాఫీ ఒలకబొయ్యరు, అంతే. నేను ఏడు నెలలుగా వాళ్ళ వెన్నెముకల్ని తిడుతున్నాను.

డోర్న్‌బోస్ కావాలనే చేశాడో, మర్యాదకే చేశాడో తెలియదు. ఆయన్ని అడగాలంటే మళ్ళీ ఆ కుర్చీలో పడుకోవాలి.

మే 13

తాత ఓ సందేహం తెచ్చాడు. "లేచి నిలబడితేనే ఓటంటావు. ఆ రోజు చలిగా ఉంటే నా మోకాలు లేవదు. మా ఫ్యాక్టరీ వాళ్ళు సగం మంది అంతే. కూర్చుంటే కుర్చీలకి ఓటేసినట్టు రాసేసుకుంటారు."

నేను కోప్పడలేదు. యుర్రిని పిలిచాను. వాడు తాతని కుర్చీతో సహా ఒక పక్క పట్టుకున్నాడు, నేనొక పక్క. ఎత్తాం. తాత తల మా వంటింటి దీపానికి తగిలింది.

"ఎలా ఉంది తాతా?"

పైనుంచి ఇల్లంతా ఒకసారి చూశాడు. "ఇంతకన్నా అధ్వానంగా ఉండచ్చు" అన్నాడు.

మే 14

కొత్త కరపత్రం. ఈసారి ముందు తాతకి ఇచ్చాను, రెండు మాటలు కొట్టేశాడు, వెన్నెముకా కుట్రా. రేపు పంచుతాం, గాలికి వీపు పెట్టి.

"ఓస్టర్‌జైల్ దుంపలకు మనవి. ఆదివారం గట్టు గురించి ఓటు. కాఫీ ఇంట్లోనే తాగి రండి. క్యాంటీన్లో ఎవరైనా పోస్తే కప్పు పక్కవాడికి ఇవ్వండి, పక్కవాడు నేల మీద పెట్టాలి. బిస్కెట్టు తీసుకోవచ్చు, అది అడ్డం కాదు. నిలబడగలిగిన వాళ్ళు నిలబడలేని వాళ్ళకి గాలి అడ్డం కాయడానికే మనకి గట్టు ఉంది. మధ్యాహ్నం మ్యాచ్‌లో టీమెన్ వెనక కూడా అలాగే నిలబడదాం. ఆదివారం పొద్దున పదిన్నరకి ఎత్తుడు వంతెన దగ్గర కలుద్దాం, అక్కణ్ణుంచి అందరం కలిసి నడుద్దాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇంట్లోంచి ఒక గట్టి కుర్చీ తెచ్చుకోండి. ఓటు వేళకి కుర్చీతో సహా మేం పైకెత్తుతాం."